సరే అన్నది ఎవరు

శీతల గిడ్డంగిలో యంత్రాల గది నాది. లోపల ఒక్క మనిషి పని. చల్లదనానికి వాడే అమ్మోనియా గ్యాసు కారితే ఆ ఒక్క మనిషీ పడిపోతాడు, పడిపోయిన సంగతి ఎవరికీ తెలియదు. అందుకని మా స్టోర్సు గుమాస్తా ఒక యాప్ తయారుచేశాడు. అతనేమీ కంప్యూటరు చదువు చదివినవాడు కాదు. కంపెనీ కొన్న సాఫ్ట్‌వేరులో గళ్ళు, బొత్తాలు ముందే సిద్ధంగా ఉంటాయట. వాటిని ఇక్కడొకటి అక్కడొకటి పేర్చుకుంటే యాప్ అవుతుందట. భోజనాల వేళ పేర్చుకుంటూ కూర్చునేవాడు.

అరగంటకోసారి నా ఫోను కూస్తుంది. ‘ఉన్నాను’ అని నొక్కాలి. అది ఆవరణ అవతలి చివర పంపుల గదిలో పనిచేసే ఆమె ఫోనుకు చేరుతుంది. ఆమె ‘సరే’ అని నొక్కుతుంది. నేను నొక్కకపోతే ఆమె ఫోను గంట కొడుతుంది, ఆమె వచ్చి చూడాలి. నన్ను అన్నయ్యా అనేది, నేను చెల్లెమ్మా అనేవాణ్ణి. అంతకు మించి చుట్టరికం లేదు, మాటలూ లేవు. నాకు మాటలు రావు. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి వాటితో పనీ పడలేదు. రోజు మొత్తం మీద నాతో ఎవరైనా అన్న మాటంటే ఆ ‘సరే’లే.

గుమాస్తా వేరే ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. యాప్ మాత్రం నడుస్తూనే ఉంది.

ఒకరోజు పొద్దున ఆఫీసు నుంచి సాఫ్ట్‌వేరు లైసెన్సులు చూసే అమ్మాయి వచ్చింది. చంకలో ల్యాప్‌టాప్, ముక్కుకు చేతిరుమాలు.

“తాతగారూ, ఈ వాసనలో ఎలా ఉంటారండీ?”

“ఉంటాను.”

ఆమె డ్రమ్ము మీద ల్యాప్‌టాప్ తెరిచి విషయం చెప్పింది. కంపెనీలో ఎవరికి తోచిన యాప్ వాళ్ళు చేసుకున్నారట. టీ కప్పులకొకటి, సైకిళ్ళ స్టాండుకొకటి. ఏది ఎవరిదో, ఎవరు వాడుతున్నారో పైవాళ్ళకు తెలియదు. వాడే ప్రతి మనిషికీ కంపెనీ ఒక లైసెన్సు కొనాలి. అందుకని ఇకమీదట ప్రతి యాప్‌కూ ఒక యజమాని ఉండాలి, వాడేవాళ్ళెవరో తేలాలి. తేలనివి మూసేస్తారు.

“కన్నవాళ్ళు కని వెళ్ళిపోయారు, పిల్లలందరూ నా మెడకు చుట్టుకున్నారు,” అంది. “దీన్ని ఎంతమంది వాడుతున్నారు?”

“ఇద్దరం.”

ఆమె తెర మీదికి వంగింది. “కాదండీ. మీరొక్కరే.”

“పంపుల గదిలో చెల్లెమ్మ ఉంది.”

“ఉండేవారు. నెలరోజులు యాప్ తెరవకపోతే లైసెన్సు దానంతటదే వెనక్కి పోతుంది. ఆవిడది పోయి రెండేళ్ళు దాటింది.”

“రోజూ సరే అంటోందిగా.”

ఆ అమ్మాయి ఇంకేదో తెరిచి చదువుకుంది. ముక్కు మీది రుమాలు కిందికి దించింది.

“ఆవిడ సెలవులో ఉన్నప్పుడు మీ గుమాస్తా గారు ‘సరే’ దానంతటదే వెళ్ళేట్టు పెట్టారండీ. మళ్ళీ తీయలేదు. ఆ ‘సరే’ ఎవరూ నొక్కటం లేదు.”

నేను గేజి ముల్లు వైపు చూశాను. అది ఉండాల్సిన చోటే ఉంది.

“మరి నేను పడిపోతే?”

“లైసెన్సు లేని ఫోను మోగదండీ.” అనేశాక ఆమెకే భయమేసినట్టుంది. “ఒక లైసెన్సు మిగిలి ఉంది. అవతలి మనిషి పేరు చెప్పండి, ఎక్కించేస్తాను,” అంది. “కానీ మధ్యాహ్నం పరీక్ష ఉంటుంది. మీరు నొక్కరు. ఆ మనిషి పావుగంటలో ఇక్కడికి రావాలి. పరీక్ష అని ముందుగా చెప్పకూడదు. వస్తే యాప్ ఉంటుంది, మీరూ ఇక్కడే ఉంటారు. రాకపోతే ఒంటరి పని కుదరదు, ఈ గదిని కాంట్రాక్టరుకు ఇచ్చేస్తారు. మీ మనిషి ఎవరైనా ఉంటారు కదా?”

భోజనాల వేళ నా బదులు ఫిట్టరు వచ్చి కూర్చున్నాడు. నేను పంపుల గదికి వెళ్ళాను. తాళం వేసి ఉంది.

“పంపులకు మనిషెందుకు పెద్దాయనా, మీట నొక్కితే వాటంతటవే నడుస్తున్నాయి,” అన్నాడు ఊడ్చేవాడు. “ఆవిడ ప్యాకింగ్ షెడ్డుకు మారి ఎన్నాళ్ళయింది! ఏ లోకంలో ఉన్నావు?”

షెడ్డులో చెల్లెమ్మ ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని పెట్టెలకు లేబుళ్ళు అంటిస్తోంది.

“అన్నయ్యా! బతికే ఉన్నావా?”

“ఉన్నాను.”

“ఈయనేనా మీ అన్నయ్య? మాటకింతని వసూలు చేస్తాడా ఏంటక్కా?” అంది పక్కనున్నామె. అందరూ నవ్వారు.

“మోకాలు ఆపరేషనుకని వెళ్ళి వచ్చేసరికి నా ఫోనులో యాప్ తెరుచుకోలేదు,” అంది చెల్లెమ్మ. “నువ్వే తీసేయించావనుకున్నా.”

“నేనెందుకు తీసేయిస్తాను?”

“పొద్దస్తమానం సరే సరే అని నీ ప్రాణం తీస్తున్నానని విసుక్కున్నావేమో అనుకున్నా. వచ్చి అడుగుదామనుకున్నా కూడా. నువ్వే అడగనప్పుడు నాకేం పట్టిందని ఊరుకున్నా.”

“నాకు సరేలు వస్తూనే ఉన్నాయి.”

“ఎవరు పంపారు?”

“ఎవరూ కాదు.”

ఆమె లేబులు వంకరగా అంటించింది. పీకి మళ్ళీ అంటించింది. అవతలి మనిషిగా పేరు ఇవ్వనా అని అడిగాను.

“షెడ్డులో ఫోన్లు లాకర్లో పెట్టిస్తారు అన్నయ్యా.” ఇంకో లేబులు చేతిలోకి తీసుకుంది. “పోనీ రాయించు. రవికెలో పెట్టుకుంటా. సూపర్‌వైజరు అక్కడ వెతుకుతాడా?”

మళ్ళీ నవ్వులు. పరీక్ష సంగతి నేను చెప్పలేదు. చెప్పకుండా ఉండటం నాకు తెలిసిన పనే.

మధ్యాహ్నం లైసెన్సుల అమ్మాయి వచ్చి, చెల్లెమ్మ పేరు ఎక్కించి, డ్రమ్ము పక్కన నిలబడింది. ఫోను కూసింది. నా బొటనవేలు దానంతటదే వెళ్ళింది.

“నొక్కకండి తాతగారూ.”

చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఫోను కూసి కూసి ఊరుకుంది. ఇక అవతల గంట మోగాలి. మోగిందో లేదో ఇక్కడికి తెలియదు. యంత్రం చప్పుడులో అడుగులూ వినపడవు. తలుపు కేసి చూస్తూ ఉన్నాను. ఆ అమ్మాయి మొదట తలుపు వైపు, నా వైపు మార్చి మార్చి చూసింది. తర్వాత గడియారమే చూసింది.

“పావుగంట అయిపోయిందండీ,” అంది మెల్లగా. ల్యాప్‌టాప్‌లో ఏదో కొట్టి, మూసి, సంచీలో పెట్టుకుంటోంది. అప్పుడు తలుపు తోసుకుని చెల్లెమ్మ వచ్చింది.

టోపీ చెవి మీదికి జారింది. ఒక కాలు ఈడుస్తోంది. ఊపిరి అందటం లేదు. స్టూలు మీద నన్ను చూసి అక్కడే ఆగిపోయింది.

“కూర్చున్నావా? పడిపోయావేమోనని నేను ఈ కాలేసుకుని పరిగెత్తుకొస్తే... కూర్చుని ఉన్నావా నువ్వు? నొక్కటానికి చేతికేం రోగం?”

“పరీక్ష,” అన్నాను.

“నీ పరీక్ష మండిపోను!”

డ్రమ్ము మీద కూలబడింది. అమ్మాయి నీళ్ళ సీసా ఇచ్చింది.

“వచ్చింది కదమ్మా,” అన్నాను ఆ అమ్మాయితో.

“వచ్చారు తాతగారూ. కానీ గ్యాసు అంతసేపు ఆగదు కదా. నేను ఎలా ఒప్పుకోను?”

ఆమె చెప్పింది నిజమే. ఫోనులో యాప్ బొమ్మ బూడిద రంగుకు తిరిగి, ఆ తర్వాత కనపడకుండా పోయింది. గది చూడమని ఫిట్టరును పిలిచారు. నన్ను రేపు ఆఫీసుకు రమ్మన్నారు.

“నడవగలవా?” అని చెల్లెమ్మను అడిగాను.

“లేకపోతే ఎత్తుకుపోతావా?”

ఆవరణలో ఆమె నడకకు తగ్గట్టు నడిచాను. ఏదో ఒకటి అనాలనిపించింది. తోచేలోపే షెడ్డు వచ్చేసింది. గుమ్మంలో సూపర్‌వైజరు చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు. చెల్లెమ్మ పక్కకు తిరిగి రవికెలోంచి ఫోను తీసి అతని చేతిలో పెట్టి, నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

“ఆమె నా కోసం వచ్చింది,” అన్నాను.

“నువ్వెవరు?”

ఏం చెప్పాలా అని నేను వెతుక్కుంటుంటే, అతను తలుపు లాగేసుకున్నాడు.