పిలుపు గంటలు

బ్రోకరు టేపు ఒక కొస తోటమాలి చేతికిచ్చి గది కొలిచాడు. అది తోటమాలి ఉంటున్న గదే. మూలన మంచం మీద అతని తల్లి పడుకుని ఉంది. "ఫొటోలో ఈ మంచం పడకూడదు" అన్నాడు బ్రోకరు. గుమాస్తా సైగ చేశాడు. ఇద్దరు కూలీలు ముసలామెను మంచంతో సహా ఎత్తి బయట ఎండలో దింపారు. ఫొటో అయ్యాక అందరూ పక్క గదికి వెళ్ళారు. మంచం ఎండలోనే ఉండిపోయింది.

వంటావిడ ఇదంతా వంటింటి కిటికీలోంచి చూసింది. పాలు పొంగిపోయినా పొయ్యి వైపు తిరగలేదు.

బంగళా కట్టి నూట ఇరవై ఏళ్ళు. ఇప్పటి యజమాని, దొరగారి మనవడు, వేరే ఊళ్ళో ఉంటాడు, పెత్తనమంతా గుమాస్తాది. వెనక ఎనిమిది గదుల వరుస, ఎనిమిది కుటుంబాలు. వంటావిడ మూడో గదికి కోడలిగా వచ్చి ముప్పై ఒక్క ఏళ్ళయింది. మొగుణ్ణి కాటికి సాగనంపింది ఆ గడపలోంచే.

రెండు రోజుల తరవాత సాయంత్రం డ్రైవరు కూతురు కాలేజీ నుంచి పేపరు తెచ్చి చదివింది. "చారిత్రక బంగళా అమ్మబడును. వెనుక ఎనిమిది ఖాళీ గదులు, అతిథుల బసకు అనువైనవి. పాతకాలపు పిలుపు గంటలు నేటికీ పనిచేయుచున్నవి."

"ఖాళీయా?" అన్నాడు ఇస్త్రీ మామ. "మరి నేనెవర్నే? దెయ్యాన్నా?"

"దెయ్యముంటే చూడ్డానికి జనం వస్తారు మామా. మనముంటేనే రారు."

నవ్వారు. నవ్వు ఎంతోసేపు నిలవలేదు. నెలాఖరుకల్లా గదులు ఖాళీ చెయ్యాలని గుమాస్తా పొద్దున్నే చెప్పిపోయాడు.

"కొత్తవాళ్ళు మనల్నే పనిలో పెట్టుకుంటారేమో. ఊరికే గొడవెందుకు?" అన్నాడు డ్రైవరు.

"పెట్టుకుంటారు నాన్నా. పడుకోవడమెక్కడ? కారు డిక్కీలోనా?"

తోటమాలి లేచాడు. "ఆదివారం కొనేవాళ్ళొస్తారట. గంటలు కొట్టి చూపిస్తారు. ఒక్కరం కూడా వెళ్ళొద్దు. ఏమంటారు?"

చూరు కింద ఎనిమిది గంటలు వేలాడుతున్నాయి. పెద్ద ఇంట్లో ఒక్కో గది నుంచి ఒక్కో తీగ. భోజనాల గది గంట వంటావిడది, వరండా గంట తోటమాలిది. ఏది మోగిందో తల ఎత్తి చూడనక్కర్లేదు, చప్పుడు చాలు.

"వెళ్ళం" అని అందరూ చేతులెత్తారు. ఎత్తిన చేతులు దించకముందే భోజనాల గది గంట మోగింది. గుమాస్తాకు టీ కావాలి. వంటావిడ అప్పటికే లేచి, కొంగు దోపి, నాలుగడుగులు వేసేసింది. అప్పుడు గుర్తొచ్చింది. వెనక్కి చూస్తే ఇస్త్రీ మామ కూడా నిలబడి ఉన్నాడు.

"మామా, అది నీ గంట కూడా కాదు కదా!" అంది డ్రైవరు కూతురు.

"నా కాళ్ళు గుమాస్తా పార్టీనే పిల్లా" అన్నాడు మామ దిగులుగా.

టీ ఇచ్చి వచ్చిన వంటావిడకు తన మోకాళ్ళ మీద కోపమొచ్చింది.

"తీగలు కోసేద్దాం, పీడా పోతుంది" అన్నాడు తోటమాలి.

"వద్దన్నా" అంది ఆమె. "కోస్తే గంట చెడిందనుకుంటారు. మనం రావడం మానేశామని వాళ్ళకెలా తెలుస్తుంది? గంట మోగాలి. మనం వినాలి. విని కూర్చోవాలి. నేర్చుకుందాం."

నాలుగు మధ్యాహ్నాలు నేర్చుకున్నారు. డ్రైవరు కూతురు చూరు కింద నిలబడి గంటలు కదిపేది. ఆ గంటలు ఈ వరుసకు వినబడేలా కట్టినవే, చప్పుడు పెద్ద ఇంటిదాకా పోదు. మొదటిరోజు అయిదుగురు లేచారు. రెండో రోజు ముగ్గురు. మూడో రోజు వంటావిడ ఒక్కతే. నాలుగో రోజు వంటావిడ ముసలామె పక్కన చేరి, మంచం పట్టె గట్టిగా పట్టుకుని కూర్చుంది. ముసలామె ఆమె చేతిమీద చెయ్యి వేసింది.

ఆదివారం కారు వచ్చింది. లోపల బ్రోకరు తాడు లాగాడు. భోజనాల గది గంట మోగింది. వంటావిడ వేళ్ళు పట్టె మీద బిగిశాయి. మళ్ళీ మోగింది. తరవాత వరండాది, మెట్ల దగ్గరిది, ఒకదాని మీద ఒకటి ఎనిమిదీ మోగాయి. వరుసలో చీమ కూడా కదల్లేదు.

గుమాస్తా రొప్పుతూ వచ్చాడు. "చెవుడొచ్చిందా అందరికీ?"

"వినబడింది బాబూ" అంది వంటావిడ. "వినబడే కూర్చున్నాం."

గంటలు ఆగాయి. అప్పుడు లేచారు. ముసలామెను మంచంతో మోసుకుని, ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్ళారు. ముప్పై ఒక్క ఏళ్ళలో వంటావిడ ఆ గుమ్మం దాటడం అదే మొదలు. కొనడానికి వచ్చినాయన ఎదట నిలబడి చెప్పింది: "అయ్యా, ఈ ఇంట్లో అతిథుల గదులు లేవు. వెనకున్నవి మా ఇళ్ళు. ఖాళీ చెయ్యం."

ఆయన బ్రోకరు వైపు చూశాడు. "ఖాళీ అన్నారే?" ఇక గదులేవీ చూడకుండా వెనక్కి తిరిగాడు. కారు వెళ్ళిపోయింది.

గుమాస్తా ఫోన్ చేస్తే పోలీసు జీపు వచ్చింది. వంటావిడను, తోటమాలిని ఎక్కించుకుంది. మిగతావాళ్ళు జీపు వెనకే నడిచారు. దారిలో డ్రైవరు కూతురి కాలేజీవాళ్ళు కలిశారు. డ్రైవరు కూడా ఉన్నాడు, అందరికంటే ముందు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు అడిగాడు. "ఎవరు నేర్పారమ్మా మీకిదంతా?"

"మేమే నేర్చుకున్నాం. నాలుగు రోజులు పట్టింది."

బయట కేకలు పెరిగాయి. కిటికీ నిండా తలలు. ఇన్‌స్పెక్టరు కానిస్టేబుల్ కోసం బల్ల మీది గంట నొక్కాడు. ఎవరూ రాలేదు. మళ్ళీ నొక్కాడు.

తోటమాలి పక్కకి చూశాడు. వంటావిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బల్ల మీది గంటనే చూస్తూ కూర్చుని ఉంది.