రెండో గడిలో టిక్కు

సిరిల్ బటర్‌వర్త్ బేకరీ తలుపు ముందు వంగి, జేబులోంచి లేత నీలం కాగితం ముక్క తీసి అక్కడ అంటించిన నోటీసు పక్కన పెట్టి చూశాడు. నోటీసు తెల్లగా ఉంది. మద్యం అమ్ముకోవడానికి ఊరి కౌన్సిల్‌ను అనుమతి అడిగేవాళ్లు ఆ సంగతి లేత నీలం కాగితం మీదే వేసి, ఇరవై ఎనిమిది రోజులు తలుపుకు అంటించి ఉంచాలి. తెల్లకాగితం చెల్లదు. మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క.

"చదవడానికేగా, రంగుతో ఏం పనయ్యా?" అంది బేకరీ ఆవిడ.

"నీలమే ఉండాలమ్మా. నేను పెట్టిన రూలు కాదు."

లైసెన్సుల విభాగంలో ముప్పై ఒక్కేళ్ల ఉద్యోగంలో అతను ఎక్కువసార్లు అన్న మాట ఆ చివరిదే. మనిషి పొడుగు, కాస్త గూని, మోచేతుల దగ్గర నునుపుదేలిన బూడిదరంగు కోటు. ఎవరైనా కాలు తొక్కితే తనే క్షమించమని అడిగే రకం. అలాంటివాళ్లకు మా ఊళ్లో కొదవ లేదు గానీ, సిరిల్ వాళ్లందరినీ మించినవాడు.

ఆ రోజు మాత్రం అతని మనసు పనిమీద లేదు. మధ్యాహ్నం రెండింటికి కౌన్సిల్‌లో విచారణ ఉంది. అతని ఇంటి ఎదురుగా ఉన్న పాత ప్రార్థనామందిరాన్ని ఎవరో కొని డాన్సు హాలు చేశారు. ఇన్నాళ్లూ అప్పుడప్పుడూ తాత్కాలిక అనుమతితో మోగించేవాళ్లు. ఇప్పుడు రోజూ తెల్లవారుజామున మూడింటిదాకా మందూ పాటా కావాలన్నారు. వీధంతా సణిగింది, కాగితం మీద పెట్టింది ఒక్కరే. ఆ ఉత్తరం లేకపోతే విచారణే లేకుండా లైసెన్సు వచ్చేసేది. రాసింది సిరిల్ భార్య నోరీన్.

నోరీన్ ఊపిరితిత్తులు పాడైపోయాయి. ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో కిటికీ పక్క కుర్చీలోనే పగలూ రాత్రీ. గడప దాటి రెండేళ్లయింది. విచారణకు పిలుస్తూ కౌన్సిల్ పంపిన ఫారంలో రెండు గడులున్నాయి: హాజరవుతారు, హాజరు కారు. ఆమె సంతకం పెట్టి, "నువ్వెలాగూ ఆఫీసుకేగా వెళ్లేది, మిగతాది నింపి ఇచ్చెయ్," అంది. సిరిల్ బస్సులో కూర్చుని రెండో గడిలో టిక్కు పెట్టాడు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

పొద్దున్న బయల్దేరేటప్పుడు నోరీన్ వెనకనుంచి కేకేసింది.

"ఒకటిన్నరకి టాక్సీ పంపు, సిరిల్. మర్చిపోయావంటే ఈ గొట్టం ఈడ్చుకుంటూ నడిచొచ్చేస్తా. నీ పరువే పోద్ది."

"అలాగే."

"ఐదు నిమిషాలేనా మాట్లాడనిచ్చేది?"

"ఒక్కొక్కరికి ఐదు."

"చాల్లే. నలభై ఏళ్లలో నువ్వు మాట్లాడిందంతా కలిపినా అంత రాదు."

ఆఫీసులో అడుగు పెట్టగానే పై అధికారి గ్లెనిస్ ఎదురొచ్చింది. చెడ్డమనిషేం కాదు.

"మీ ఆవిడ రావట్లేదుగా?"

"రావట్లేదు."

"బతికించావ్. ఉత్తరం ఒక్కటే అయితే ఎలాగో సర్దుతా. ఆవిడ అటు నిలబడి మాట్లాడుతుంటే నువ్విటు కూర్చుని రాసుకుంటావా? ఆ హాలు లాయరు మనల్ని ఉతికి ఆరేస్తాడు. నిన్ను పార్కింగ్ వాళ్ల దగ్గరికి పంపాల్సొస్తుంది, ఈ వయసులో."

ఒంటిగంటా పావుకు సిరిల్ ఫోను తీసి టాక్సీ నంబరు నొక్కాడు. చివరి అంకె దగ్గర వేలు ఆగిపోయింది. సిగ్గు వేసింది, భయం అంతకన్నా ఎక్కువ వేసింది. ఫోను పెట్టేసి, విచారణ గదిలో నీళ్ల గ్లాసులు సర్దడానికి వెళ్లాడు.

ముగ్గురు కౌన్సిలర్లు కూర్చున్నారు. హాలు యజమాని ఉద్యోగాల గురించి చెప్పాడు, అతని లాయరు తలుపుల మందం గురించి చెప్పాడు. సిరిల్ అన్నీ రాసుకున్నాడు. అధ్యక్షురాలు మిసెస్ ఆక్లండ్ కళ్లద్దాలు సర్దుకుని నోరీన్ ఉత్తరం చదివింది.

"మిసెస్ బటర్‌వర్త్ వచ్చారా?"

"రారని ఫారంలో ఉందండి," అంది గ్లెనిస్.

"జబ్బుమనిషి కదా, మనసు మార్చుకుని బయల్దేరారేమో. ఓ పది నిమిషాలు చూద్దామా?" ఆవిడ నేరుగా సిరిల్ వైపే చూసి అడిగింది.

ముప్పై ఒక్కేళ్లలో ఆ బల్ల దగ్గర అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. గోడ గడియారంలో రెండూ ఇరవై అయింది. ఇప్పుడు పిలిచినా టాక్సీ ఆమెను తీసుకురాగలదు. ఒక్క మాట చాలు.

"అక్కర్లేదండీ," అన్నాడు సిరిల్.

మూడు కాదు, రెండింటిదాకా అనుమతిచ్చారు. పదకొండు దాటాక తలుపులు మూసి ఉంచాలన్నారు. అతను ఆ తీర్మానాన్ని గుండ్రటి అక్షరాలతో రాసి కింద గీత గీశాడు.

నాలుగున్నరకు ఇంటికి వెళ్తూ దారంతా అబద్ధం కూర్చుకున్నాడు. తలుపు తీసేసరికి నోరీన్ వీధివైపు తిరిగి కూర్చుని ఉంది. కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, తలమీద ఆకుపచ్చ టోపీతో. కోపంగా ఉందనుకున్నాడు. ఆమె ముఖం చూడలేక గుమ్మంలోనే నిలబడి, టాక్సీవాడు వీధి తప్పాడనీ, ఫోను చేస్తే ఎత్తలేదనీ, తను ఎంతో గొడవపడ్డాననీ చెప్పాడు. అంతా చెప్పడం అయిపోయాక గానీ ఆమెలో ప్రాణం లేదని అతనికి తెలియలేదు. ఆక్సిజన్ యంత్రం మాత్రం హుమ్మంటూనే ఉంది.

ఒళ్లో ఒక కాగితం. ఆమె అక్షరాలే.

"అయ్యా, అమ్మా, పాటలంటే నాకు ఇష్టమే. అవి వినబడితే దుప్పటి కింద నా కాళ్లు కూడా ఆడతాయి. నేను పగలు కునుకు తీస్తాను కాబట్టి నాకేం ఇబ్బంది లేదు. మా ఆయన ఆరింటికి లేవాలి. హాలు మోగిన రాత్రులు కళ్లు తెరుచుకుని పడుకుంటాడు. తన కోసం తను ఏదీ అడగడు. అందుకని నేను అడగడానికి వచ్చాను."

సిరిల్ దాన్ని రెండుసార్లు చదివాడు. పక్కింటివాళ్లకు వినబడేలా ఏడ్చాడు.

ఆరింటికి వచ్చి ఆమెను తీసుకెళ్లినవాళ్లు బూట్లు ఇంట్లోనే వదిలేశారు. వాచిన పాదాలనుంచి వాటిని మెల్లగా లాగి కుర్చీ పక్కన పెట్టారు: పాలిష్ పెట్టిన నల్లబూట్లు, ఒక్కో లేసుకు రెండేసి ముళ్లు, ఇంకా బిగించే ఉన్నాయి.