కర్రలకు కట్టిన మొక్కజొన్న

“మేడమీది మొక్కలన్నీ సాపు చేసి వచ్చాను, వెళ్లి చూడు ఎంత ముచ్చటగా ఉన్నాయో” అంటూ ఆయన మెట్లు దిగి వచ్చి చేతులు కడుక్కున్నారు. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. సాపు అన్న మాట చెవిన పడగానే నా చేయి ఆగిపోయింది. మా ఆయన సాపు చేయడమంటే ఏమిటో ఆయన్ని కన్నతల్లి కంటే నాకే బాగా తెలుసు. గుమ్మం దగ్గర చెప్పులు, గోడమీద పటాలు, అలమరలో దుప్పట్లు, ఆఖరికి ఎదుటివాళ్ల మాటలు కూడా ఆయన కంటికి ఓ పక్కకి ఒరగకూడదు. కాపురానికొచ్చిన కొత్తలో నేను నవ్వితే తల పక్కకి వాలుతోందని నవ్వుకే వంక పెట్టిన మనిషి.

మేడమీది ఆ మొక్కల కుండీలు మా కోడలివి. కంప్యూటర్‌లో మొక్కలు పెంచడం దాని ఉద్యోగం. మా అబ్బాయి “నీ కోడలిది నీళ్లక్కర్లేని వ్యవసాయమమ్మా” అంటాడు, తండ్రీ కొడుకులిద్దరూ నవ్వుకుంటారు. కోడలు నవ్వదు. నేను గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడు చేస్తాను. ఒకరోజు తనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది. కాండం ఎంత ఎదగాలి, ఆకు ఎంత వాలాలి అన్న గుణాలు విత్తనంలోనే ఉంటాయట, తల్లి పోలిక కొంత, తండ్రి పోలిక కొంత. ఆ గుణాలు చెబితే చాలు, తెరమీద మొక్క ఒక్కో ఆకూ వేసుకుంటూ లేచి నిలబడుతుంది. ఒక గుణం మారిస్తే ఆకు నిక్కుతుంది, ఇంకోటి మారిస్తే పక్కదాని నెత్తిన నీడ పడేస్తుంది. ఏ పోలికలు కలిస్తే చేలో అడుగాకుకి కూడా ఎండ అందుతుందో నాటకముందే చూసుకోవచ్చట. అచ్చం సంబంధాలు చూసినట్టే ఉందే అన్నాను. “కాకపోతే అత్తయ్యా, ఇక్కడ కుదరకపోతే చెరిపేయొచ్చు” అంది.

అయితే తెరమీది మొక్క నిజం చెబుతోందో లేదో అసలు మొక్కతో పోల్చి చూడాలి. అందుకే మేడమీద రకరకాల మొక్కజొన్న వేసింది. ప్రతి వారం పెన్సిల్ లాంటి పరికరంతో ఆకు మొదలు, వంపు, కొస తాకుతూ పోతుంది. తాకిన చోటల్లా తెరమీద చుక్క పడుతుంది. ఏది ఎటు వాలింది, దాని పక్కది ఎందుకు వాలలేదు, ఆ తేడాయే తనకు కావలసిన పంట.

మోకాళ్లు పట్టుకుని మేడెక్కాను. సాయంత్రం ఆయన స్నేహితులు మేడమీదికి టీకి వస్తారు, వాళ్ల కంటికి ఇంపుగా ఉండాలి కదా. ప్రతి మొక్కకీ ఒక కర్ర. పాత దుప్పటి చింపిన పీలికలతో ఆకులన్నీ జుట్టు ముడి వేసినట్టు పైకి లాగి కట్టేశారు. ఈనెలు విరిగిపోయాయి. నా వెనకే వచ్చిన కోడలు ఒక ముడి విప్పింది. ఆకు విరిగిన చోట వేలాడింది. “ఇంక ఇవి ఏమీ చెప్పవు అత్తయ్యా” అంది, అంతే.

ఆ పీలికలు చూడగానే నా ఎడమ మణికట్టు జివ్వుమంది. నేను పుట్టు ఎడమచేతి వాటం మనిషిని. ఈ ఇంట్లో మొదటిసారి వడ్డించిన రోజున, పది మందిలో పరువు పోతుందని మా అత్తగారు ఇలాంటి గుడ్డపీలికతోనే నా ఎడమచేతిని నడుముకు కట్టింది. ఈయన చూశారు. “అలవాటైపోతుందిలే” అన్నారు. అలవాటైంది. కుడిచేతిలో గరిటె వణికేది, కూర ఒలికేది, పనిరాని పిల్లనని పేరు స్థిరపడిపోయింది. ఎందుకు ఒలుకుతోందని ఒక్కరూ అడగలేదు. తెరమీద ఆ మొక్కలు వేటి వాటాన అవి వాలుతుంటే నేను ఎందుకంత సేపు చూస్తూ కూర్చునేదాన్నో అప్పుడు అర్థమైంది.

రాత్రి భోజనాల దగ్గర కోడలు సంగతి చెప్పింది. పక్క జిల్లాలోని ప్రయోగ పొలంలో ఇవే విత్తనాలు ఇదే ఎదుగుదలలో ఉన్నాయట. కండెలు ముదిరేదాకా అక్కడే ఉండి కొలతలు తీసుకోమని పై అధికారి అన్నాడు. వెళ్లకపోతే ఇన్నాళ్ల పని ఇంకొకరి చేతిలోకి పోతుంది.

మా అబ్బాయి తల ఎత్తకుండానే పరిష్కారం చెప్పాడు. “ఒక మొక్క కొలతలే అన్నిటికీ వేసెయ్, అటూ ఇటూ కాస్త మార్చు. ఎవడు చూస్తాడు?”

“అవి ఎలా వాలాలో నేనే చెప్పేదైతే ఇంక మొక్కలెందుకు?” అంది కోడలు.

ఆయన అందుకున్నారు. ఏదో పొరపాటైంది, దానికే ఇల్లు వదిలిపోతారా, వంటావార్పూ ఎవరు చూస్తారు, మీ అత్తయ్యకు అసలే మోకాళ్ల నొప్పులు అన్నారు. నా మోకాళ్లు ఆయనకు గుర్తురావడం అదే మొదలు. కోడలు కంచంలోకి చూస్తోంది. దాని పెదవులమీదికి “సరే” రావడం నాకు కనిపించింది. ఆ సరే రుచి నాకు తెలుసు. ఒకసారి మింగితే జీవితాంతం మింగుతూనే ఉండాలి.

“అమ్మాయి వెళ్తుంది” అన్నాను.

“మరి ఇల్లు?”

“అన్ని ముడులు అంత ఓపిగ్గా వేసిన చేతులకు గిన్నెలు తోమడం రాదా? పొద్దున మీరు, సాయంత్రం వాడు. ఎలా చేయాలో నేను కుర్చీలో కూర్చుని చెబుతాను. సాపుగా లేదని వంక మాత్రం పెట్టను.”

మా అబ్బాయికి ముద్ద గొంతులో అడ్డుపడింది. కోడలు వాడికి నీళ్లు అందించబోయి, ఏమనుకుందో, చెంబు వాడివైపు జరిపి ఊరుకుంది.

నేను గరిటె ఎడమచేతిలోకి మార్చుకుని ఆయన కంచంలో కూర వడ్డించాను. ఒక్క చుక్క ఒలకలేదు.

“ఎడమచేయి” అన్నారాయన.

“నా చేయి ఇటే వాలుతుంది. తింటే తినండి.”