నిండా పోసిన టీ

బురుల్చా తన కోడలికి మూడు వారాలుగా రోజూ గొర్రె కార్జం వండిపెడుతోంది. కోడలు అయ్‌కనిష్ నోరు మూసుకుని తింటోంది. ఒంట్లో రక్తం తక్కువగా ఉందని, పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా బిష్కెక్ నగరంలోని ఆసుపత్రిలో సెలైన్ పెడుతున్నారని అత్తగారికి తనే చెప్పింది. సెలైన్ నిజమే. వార్డు మాత్రం భయం జబ్బులది. ఆడిన అబద్ధానికి ఆ మాత్రం కార్జం తినాల్సిందేనని సరిపెట్టుకుంది.

నిజం చెబితే ఆ వార్డుకు వెళ్ళనివ్వరు. ఇంట్లో పిచ్చి ఉందని బయటికి పొక్కితే ఆడపడుచు సంబంధం చెడుతుంది. ఇంకా రెండు వారాల వైద్యం మిగిలి ఉంది.

ఇదంతా టీ దగ్గర మొదలైంది. చుట్టాలొస్తే గిన్నెల్లో టీ పోసి అందించడం కొత్త కోడలి పని. అందరి కళ్ళూ ఆ చేతుల మీదే ఉంటాయి. చలికాలంలో ఒకరోజు ఆ చేతులు వణికాయి, గుండె దడదడలాడింది, ఊపిరి ఆడలేదు. ఆ తర్వాత గుమ్మంలో గంట మోగితే చాలు, అయ్‌కనిష్‌కి ముచ్చెమటలు పట్టేవి.

వార్డులో దమీరా డాక్టరు రోగులందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టి, టీ పోసే పని ఆమెకే అప్పజెప్పింది. ఆమె అక్కడి మర్యాద ప్రకారం సగం సగం పోస్తుంటే డాక్టరు ఆపింది.

"సగం గిన్నెలో వణుకు కనపడదమ్మా. దాక్కోవడానికి నీకు చోటు దొరుకుతోంది. నిండా పొయ్యి. ఒలికితే ఒలకనీ."

మొదటి గిన్నె ఒక మాజీ బస్సు డ్రైవరు ఒళ్ళో ఒలికింది. మన ఆచారంలో నిండా పోస్తే తాగి వెళ్ళిపొమ్మని అర్థం కదా, ఈ పిల్ల నన్ను గెంటేస్తోంది, డాక్టరేమో ఇంకో వారం ఉండమంటోంది, ఎవరి మాట వినాలని అతను వాపోయాడు. అందరూ నవ్వారు. నవ్వులు ఆగేలోపు ఆమె ఇంకో గిన్నె నింపింది. అలా రోజూ ఇరవై గిన్నెలు.

ఆదివారం ఆడపడుచుకు కాబోయే అత్తగారు జిపార్ తన మనుషుల్ని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చింది. మాట మాటకూ ముఖం ముడుచుకునే మనిషి. అయ్‌కనిష్ కెటిల్ అందుకుంది. పారిపోవాలనిపించింది. పారిపోలేదు. వంచింది, పోసింది, రెండు చేతులతో జిపార్ ముందు పెట్టింది. ఒక్క చుక్క ఒలకలేదు. ఎన్ని నెలలకో ఆమెకు సంతోషంతో కళ్ళు చెమర్చాయి.

అప్పుడు అందరి కళ్ళూ ఆ గిన్నె మీద పడ్డాయి. గిన్నె అంచు దాకా నిండి ఉంది.

జిపార్ గిన్నెను ముట్టుకోలేదు. తలమీది రుమాలు సర్దుకుంటూ తన వాళ్ళకేసి చూసింది.

"లేద్దామా. పొమ్మని ముందే చెబితే ఇంత దూరం వచ్చేవాళ్ళమే కాదు."

బురుల్చా చెయ్యి చాచి ఆ గిన్నెను తన ముందుకు లాక్కుంది.

"అది నాదమ్మా. మాటిమాటికీ అడగలేక నాకు నిండా పొయ్యమని నేనే నేర్పాను. పిచ్చిపిల్ల, నాది నీ ముందు పెట్టింది."

కాలుతున్న టీని ఆగకుండా తాగేసింది. ఎవరో నవ్వారు. జిపార్ మళ్ళీ సర్దుకుని కూర్చుంది.

ఆ తర్వాత బురుల్చా కోడల్ని వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. ఏమైందని అడిగింది. అయ్‌కనిష్ ఏదీ దాచలేదు. వార్డు పేరు కూడా చెప్పింది. బురుల్చా తిట్టలేదు. దగ్గరికి వచ్చి కోడలి జుట్టు నిమిరింది.

"రేపట్నుంచి అక్కడికి వెళ్ళకు తల్లీ. ఎవరొచ్చినా నేనే పోస్తాను. నువ్వు వంటింట్లో ఉండు, నిన్నెవరూ చూడరు."

తిట్టినా బాగుండేది. ఈ ప్రేమకు ఎదురు చెప్పడం ఎలా? నెల క్రితమైతే ఈ మాటకు ఆమె అత్తగారి కాళ్ళు పట్టుకునేది. ఇప్పుడు విని హడలిపోయింది. తలుపు వేసిన ఈ వంటింట్లోనే జీవితమంతా గడిచిపోతుందనిపించింది.

"రేపు తొమ్మిదింటికి వెళ్తాను అత్తయ్యా," అంది. "మీరు పోస్తే నాకు తగ్గదు."

అత్తగారికి ఆమె ఎదురు చెప్పడం అదే మొదటిసారి. బురుల్చా చెయ్యి జుట్టు మీదే ఆగిపోయింది.

ముందుగదిలోంచి జిపార్ టీ అడిగింది. బురుల్చా అలవాటుగా కెటిల్ మీద చెయ్యి వేసింది. కోడలి ముఖం చూసింది. చెయ్యి తీసేసి, తలుపు తెరిచింది.