బేబీ ఇంటి మెరక

కప్పు మీద సగం పెంకులు దించేసరికి పంచాయతీ సెక్రటరీ స్కూటీ వచ్చి వాకిట్లో ఆగింది.

"పని ఆపండి," అంది సుప్రియ హెల్మెట్టు తీస్తూనే. "ప్లాను అప్రూవల్ ఉందాండీ మీకు?"

వాసాల మీద కూర్చున్న తాపీమేస్త్రి గణేష్‌బాబు చేతిలో పెంకు పట్టుకుని అలాగే కిందికి చూశాడు. బేబీ అప్పుడే నరసాపురం బజారులో చేపలమ్ముకుని వచ్చి, గంప కడిగి ఎండలో బోర్లిస్తోంది. చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ ఎదురెళ్ళింది.

"ప్లానేంటండీ మేడమ్ గారూ? ఉన్న ఇల్లేనండి. నేల మెరక చేసుకుంటన్నాం. గోడలు కాస్త లేపి స్లాబు వేసుకుందామని."

"స్లాబంటే కొత్త కట్టుబడి కిందే లెక్కండి. అందులోనూ పొలం పక్కన. పర్మిషన్ లేకుండా కడితే రేపు నన్నడుగుతారు."

"ఇది పొలమేంటండీ, మా మావయ్య కట్టిన ఇల్లు."

సుప్రియ ఇంటి వెనక్కి చూపించింది. అక్కడ పొలం లేదు. మాధవరాజుగారి రొయ్యల చెరువు ఉంది. ఒకప్పుడు బేబీ పెరట్లో నిలబడితే కనుచూపు మేరా వరి కనిపించేది. రాజుగారు చేను తవ్వించి ఉప్పునీళ్ళు పెట్టించిన దగ్గర్నుంచీ గట్టు కిందుగా ఊట మొదలైంది. ముందు పెరట్లో అరటి చచ్చింది. తర్వాత గోడల అడుగున తెల్లగా ఉప్పు పొంగి, సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఆఖరికి ఇంట్లో గచ్చు మీదకే చెమ్మ వచ్చేసింది. బియ్యం డబ్బా మంచం మీదికెక్కింది. గ్యాస్ సిలిండరు కింద తుప్పు. ఆ తడి గచ్చు మీదే అత్తగారు పెద్దింట్లమ్మ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఇక తప్పదని బేబీ, మొగుడు పల్లంరాజు మాట్లాడుకుని, ఎర్రమట్టి తోలించి పని మొదలుపెట్టారు. పల్లంరాజు బోటు మీద వేటకెళ్ళాడు. వెళ్తే వారం పదిరోజులు రాడు. పని చూసుకునే భారం బేబీదే.

"సచివాలయానికి రండి, అప్లై చేద్దాం. మీ స్థలం కాగితాలు క్లియర్‌గా ఉంటే తొందరగానే వచ్చేస్తుంది," అని సుప్రియ వెళ్ళిపోయింది.

గణేష్‌బాబు దిగి వచ్చి, సగం కప్పు లేని ఇంటి వంక చూశాడు. "మరిప్పుడేం చేద్దామంటావ్ బేబమ్మా?"

"ఏం చేత్తాం, టార్పాలిన్ కట్టు."

మర్నాడు బజారు మానుకుని గ్రామ సచివాలయానికి వెళ్ళింది. కంప్యూటరు ముందు రాజ్ కుమార్ అనే కుర్రాడు కూర్చున్నాడు. ఆధార్ కొట్టాడు, పేరు కొట్టాడు, సర్వే నంబరు కొట్టాడు. కొట్టినకొద్దీ వాడి మొహం ముడుచుకుంది.

"మీ స్థలం రావట్లేదండి. ఇక్కడ మొత్తం చెరువనే చూపిస్తోంది."

"సరిగ్గా చూడు బాబూ. చెరువు పక్కన ఇల్లు."

"పక్కన కాదండి. రీసర్వేలో మీ ఇంటి స్థలం మాధవరాజుగారి కమతంలో కలిసిపోయింది. మ్యాపు ప్రకారం మీ ఇల్లు చెరువులో ఉంది."

పక్క బల్ల దగ్గరున్న వీఆర్వో తల తిప్పి చూసి, ఇలాంటివి ఊళ్ళో ఇంకా ఉన్నాయని, కంగారు పడొద్దని చెప్పాడు. బేబీకి ఆ మాటతోనే కంగారు మొదలైంది.

"మరి నేను ఏటా కడతన్న ఇంటిపన్ను ఏ ఇంటికండీ?"

"అది పంచాయతీదమ్మా. మాది రెవెన్యూ."

"కరెంటు బిల్లుందండి, మా మావయ్య పేరన."

"అది కరెంటోళ్ళది. దాంతో స్థలం మీదని తేలదు."

"అయితే దేంతో తేలుద్దండీ?"

వీఆర్వో పెన్ను మూత పెట్టాడు. "సర్వేయరు వచ్చి కొలిచి, రెండూ విడగొట్టాలి. దానికి ఆ కమతం ఎవరి పేరనుందో ఆయన సంతకం కావాలి. రాజుగారు మంచాయనే కదా, పెడతారు. అది అయ్యాక ఇళ్ళ స్థలమని మార్పించుకుంటే, అప్పుడు ప్లానుకి అప్లై చేసుకోవచ్చు."

తన ఇంటికి ఊట పంపిన మనిషే, ఆ ఇల్లు ఆయనది కాదని సంతకం పెడితే గానీ తన నేల మెరక చేసుకోవడానికి లేదన్నమాట. బేబీ దారంతా ఆ మాటే నములుకుంటూ నడిచింది. అయినా మనసులో ఒక మూల ధైర్యం లేకపోలేదు. మాధవరాజుగారు చెరువు పట్టినప్పుడల్లా, రొయ్యలతో పాటు పడ్డ చేపలు ఆమెకే ఇస్తారు. ఆ చేపల మీదే ఆమె బేరం చాలా వరకు నడుస్తుంది. మాట కటువుగా అనే మనిషి కాడు.

ఆమె వెళ్ళేసరికి రాజుగారు తమ ఇంటి అరుగు మీద కుర్చీలో ఉన్నారు. ఆయన భార్య బంగారమ్మగారు కాఫీ ఇప్పించింది. బేబీ గ్లాసు పట్టుకుని, మెట్టు మీద కూర్చుని, అంతా చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నారు.

"నీ ఇల్లు నీదేనమ్మా. నాదని నేనెప్పుడన్నా అన్నానా?"

"లేదండి. అందుకే సంతకం పెట్టమని అడగడానికొచ్చాను."

"అదే కుదరదు బేబీ." గొంతు తగ్గించారు. "చెరువుకి పర్మిషన్ ఇచ్చేటప్పుడు పక్కన ఇళ్ళున్నాయేమో చూస్తారు. మ్యాపులో ఇల్లు లేదు, లేదనే రాసుకున్నారు. నేను రాయించింది కాదు. ఇప్పుడక్కడ ఇల్లుందని నా చేత్తో నేను సంతకం పెడితే, రెన్యువల్ ఎవరిస్తారు? ఆ చెరువు మీద నాకెన్ని తిప్పలున్నాయో నీకు తెలీదు."

బేబీ కాఫీ గ్లాసు మెట్టు మీద పెట్టేసింది.

"అంటే, మా ఇల్లు లేదని మీకు పర్మిషనొచ్చింది. మీకు పర్మిషనొచ్చింది కాబట్టి మా ఇల్లు ఉండకూడదు. అంతేనాండీ?"

"అలా అనకు. రోడ్డు పక్కన నాకు స్థలముంది. మెరక స్థలం. అది నీకు రాసిస్తాను, ఇది నాకు వదిలెయ్. హాయిగా కొత్తిల్లు కట్టుకో."

బంగారమ్మగారు గుమ్మంలోంచి, "మంచి బేరమే కదే బేబీ," అంది.

మంచి బేరమే కావచ్చు. కానీ అక్కణ్ణుంచి లేచి వస్తుంటే ఒళ్ళంతా మండిపోయింది. తడిపింది వాళ్ళు. ఇప్పుడు తడిసిన ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నదీ వాళ్ళే. పైగా అది ఉపకారం.

బోటు సిగ్నలుకి అందే దూరానికొచ్చినప్పుడు పల్లంరాజు ఫోను చేశాడు. విని, "ఇచ్చేయవే," అన్నాడు. "రోడ్డు పక్కనంటన్నారుగా. ఆయనతో మనకి గొడవెందుకు?"

"ఇవాళ ఇక్కడికి చెరువొచ్చింది. రేపు అక్కడికి రాదని నువ్వు రాసిత్తావా?"

"నేను సముద్రం మీదున్నానే. నాకేం తెలుత్తాది?"

"తెలీనప్పుడు ఇచ్చెయ్యమనకు."

ఆ వారమే వానలు పట్టుకున్నాయి. టార్పాలిన్ మధ్యలో నీళ్ళు నిలిచి బానలా వేలాడేది. బేబీ చీపురుకట్టతో కింద నుంచి పొడిచి నీళ్ళు తోసేది. పైన వాన, కింద ఊట. పెద్దింట్లమ్మ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని మంచం దిగకుండా, "కదపకుండా ఉంటే కప్పన్నా మిగిలేది," అని సణిగింది. అత్తగారి మాటలో అబద్ధం లేదు కాబట్టి బేబీకి ఇంకా కోపమొచ్చింది. వాకిట్లో పోయించిన ఎర్రమట్టి వానకి కరిగి రోడ్డు మీదికి పారుతుంటే, తడుస్తూనే పారతో వెనక్కి లాగింది. చాలాసేపు లాగింది. ఆఖరికి పార విసిరికొట్టి, ఆ బురద కాళ్ళతోనే సచివాలయానికి నడిచింది.

"మా ఇల్లు లేదని ఏ కాగితం మీద సంతకం పెట్టమంటారో చెప్పండి," అంది సుప్రియ ముందు నిలబడి. లోపలున్న వాళ్ళందరూ తలెత్తారు. "ఇల్లు లేదన్నారు కదండీ. లేని ఇంటికి పని ఆపమని ఎందుకొచ్చారు? ఆ రోజు మీ స్కూటీ ఆగింది చెరువులోనాండీ?"

సుప్రియ మొహం ఎర్రబడింది. కుర్చీ చూపించింది. బేబీ కూర్చోలేదు.

"నేను రూలే చెప్పానండి. నేల మెరక చేసుకోడానికి, గోడలు పూసుకోడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. అది రిపేరు. కప్పు తీసి గోడలు లేపితేనే కొత్త కట్టుబడి."

బేబీ బల్ల మీదికి వంగింది.

"ఈ మాట ఆ రోజెందుకు చెప్పలేదండీ?"

"మీరప్పటికే సగం దించేశారు కదా. స్లాబన్నారు."

"దించింది మళ్ళీ ఎక్కించేత్తే?"

సుప్రియ బల్ల మీద కాగితాలు సర్దింది. "నేను చూసినప్పుడు పాత కప్పు ఉంటే, పాత కప్పు ఉందనే రాస్తానండి," అంది మెల్లగా.

వాన తెరిపివ్వగానే గణేష్‌బాబు మళ్ళీ వాసాలెక్కాడు. దించిన పెంకుల్లో కొన్ని పగిలిపోయాయి, ఊళ్ళో పాతిల్లు పడగొట్టిన చోట ఏరుకొచ్చారు. కప్పు మూసుకున్నాక ఇంట్లో మట్టి పోసి కూరి, గచ్చు చేయించింది. నేల పైకొచ్చింది, కప్పు ఉన్నచోటే ఉంది. గణేష్‌బాబు తలుపు రెక్కలు అడుగున కోసి మళ్ళీ బిగిస్తూ, "ఇలాంటి పని నా చేత ఎవరూ చేయించలేదు," అని విసుక్కున్నాడు. మేస్త్రి విసుగు బేబీ పట్టించుకోలేదు. గచ్చు పొడిగా ఉంది. అత్తగారు మంచం దిగి, గోడ పట్టుకోకుండా పొయ్యి దాకా నడిచింది.

వేట నుంచి వచ్చిన పల్లంరాజు గుమ్మంలో వంగి, లోపలికొచ్చాక కూడా వంగే ఉండి, చుట్టూ చూశాడు. ఫ్యాను తీయించేశారు. అది ఉంటే తలకి తగిలేది.

"ఇదేం కొంపే బేబీ? మనిషి నిలబడ్డానికి లేదు."

"కూర్చో. నిలబడి ఏం చేత్తావ్?"

అన్నది గానీ, ఆ పూట అన్నం సయించలేదు. మొగుడు వంగి తిరగడం కళ్ళారా చూస్తే, గెలిచిందేమీ లేదని తెలిసిపోయింది.

సోమవారం మండలాఫీసులో అర్జీలు తీసుకుంటారు. బేబీ రెండు అర్జీలు రాయించుకెళ్ళింది. ఒకటి తన స్థలం విడగొట్టమని. రెండోది, ఇంటి గోడ పక్కనే చెరువు ఎలా తవ్వనిచ్చారో వచ్చి చూడమని. రెండోది ఇచ్చేముందు చెయ్యి వెనకాడింది. ఇచ్చాక రాజుగారి చేపలు ఇక తనకు రావని తెలుసు. అయినా ఇచ్చేసింది.

తర్వాతి పట్టుబడికి తెల్లవారుజామునే చెరువు గట్టు మీద వలలు దిగాయి. ఎవరూ ఆమెను పిలవలేదు. పెరట్లో నిలబడి చూసింది. మొగల్తూరు నుంచి ఎవరో ఆడమనిషి గంపతో వచ్చి చేపలు ఎత్తించుకుంది. ఒకసారి బేబీ వైపు చూసి చూపు తిప్పేసుకుంది. ఆమెనేమీ అనుకోలేకపోయింది బేబీ. ఆ రోజు నుంచి హార్బరు దాకా ఆటోలో వెళ్ళి, వేలంపాటలో పాడి, దొరికినవి తెచ్చుకుని అమ్ముతోంది. మిగిలేది తక్కువ, తిరుగుడు ఎక్కువ.

సర్వేయరు వచ్చేసరికి వానాకాలం వెళ్ళిపోయింది. చెరువు గట్టు మీదంతా తిరిగి, మిషను పెట్టి చూసుకుని, చివరికి ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. మాధవరాజుగారి తరఫున ఒక గుమాస్తా వెంట వచ్చాడు. ఆ గుమాస్తా ఫోన్లో ఫొటోలు తీసుకుంటున్నాడు.

"ఇది వాడకంలో ఉన్న ఇల్లేనాండీ?" అనడిగాడు సర్వేయరు, గుమ్మం ఎత్తు చూసి. "షెడ్డులా ఉంది."

"లోపలికొచ్చి చూసి రాయండి. వంగి రండి."

వంగి వచ్చాడు. మంచం మీద పెద్దింట్లమ్మ కాళ్ళు ముడుచుకుని ఆయనకు చోటిచ్చింది. గోడలు కొలిచాడు, రాసుకున్నాడు, గుమాస్తాతో బయట కాసేపు మాట్లాడాడు. వెళ్ళబోతుంటే బేబీ వెనకే నడిచింది.

"ఇప్పుడు మా ఇల్లు మ్యాపులోకి ఎక్కినట్టేనాండీ?"

"నేను రిపోర్టు పెడతానమ్మా. రాజుగారు అభ్యంతరం చెప్తున్నారు కాబట్టి పైవాళ్ళు చూడాలి. మీకు మెసేజ్ వస్తుంది."

"మెసేజ్ ఎవరి ఫోనుకండీ?"

ఆయన కాగితం చూసి నంబరు చదివాడు. అది పల్లంరాజుది. ఆ పొద్దున్నే బోటెక్కి వెళ్ళిపోయాడు.

"నంబరు మార్చాలంటే?"

"సచివాలయంలో అప్లై చేసుకోండి," అని సర్వేయరు బండి స్టార్టు చేశాడు.

బేబీ గుమ్మం దగ్గరికొచ్చి, చెప్పులు వేసుకుని, అత్తగారికి తలుపు దగ్గరగా వెయ్యమని చెప్పింది. సచివాలయం మూసే టైముకి ముందే అందుకోవాలని బేబీ గబగబా నడిచింది.