అంగుళం తేడా లేకుండా

ఉలి తాత వరండాను యంత్రం కూలుస్తుంటే పాలిష్ అక్క చేతిలో గరుకు కాగితంతో అలాగే నిలబడిపోయింది. తలుపులూ కిటికీలూ చేసి బతికే ఆ వీధిలో మూలకొట్టు తాతది. నలభై ఏళ్లుగా ఆ వరండాలోనే కూర్చుని ఉలి పట్టాడు.

"పదకొండడుగుల నాలుగంగుళాలు. అక్కడిదాకా కొట్టెయ్," అంటున్నాడు ఆఫీసరు కాగితం చూసుకుంటూ.

తాతకు ఏడుపు కన్నా ముందు ఆశ్చర్యం వచ్చింది. "నా వరండా కొలత నీకెవడు చెప్పాడ్రా? కొలవడానికొచ్చిన మీవాళ్లని రెండుసార్లు తరిమాం కదా!"

"మీ వీధివాళ్లే రాసిచ్చారు తాతా. మేం కొలిచినా ఇంత బాగా రాదు," అని నవ్వి ఆఫీసరు మరో కాగితం పైకి తీశాడు. "రేపు ఎనిమిదో నంబరు."

ఎనిమిదో నంబరు ఇల్లు పాలిష్ అక్క తోడికోడలిది, వీధంతా చిన్నకోడలని పిలిచే ఆమెది. ఆ కాగితం మీద చేతిరాత పాలిష్ అక్కది.

ఇదెలా జరిగిందో చెప్పుకోవడానికి సిగ్గే, అయినా చెప్పాలి. ఆరు నెలల కిందట ప్రభుత్వం నగరాన్ని కొత్తగా కడతానంది. ఏ వీధి ఎలా ఉండాలో ఇక పైవాళ్లు కాదు, వార్డు కమిటీయే తేలుస్తుందంది. అధికారాన్ని మీ గుమ్మంలోకి తెచ్చామని మైకులో ఊదరగొట్టారు. కమిటీకి వీధికో మెంబరు కావాలంటే, ఈ వీధి చిన్నకోడలిని ఎన్నుకుంది.

పాలిష్ అక్క కడుపులో మంట అప్పుడే అంటుకుంది. చిన్నకోడలు తనకన్నా ఆరేళ్లు చిన్నది. దానికి పాలిష్ పట్టడం నేర్పిందే తను. నిన్నటిదాకా "అక్కా, ఈ రంగు సరిపోయిందా" అని కొంగు పట్టుకు తిరిగిన పిల్ల, ఇప్పుడు కమిటీలో కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. మరదలు అని పిలిచే తన భర్త కూడా అన్నం దగ్గర "మెంబరు ఏమందంటే..." అని మొదలుపెడుతున్నాడు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని పెద్దలు ఊరికే అన్నారా? నిజానికి చిన్నకోడలు నవ్వను కూడా లేదు. అయినా ఈమెకు నవ్వినట్టే ఉండేది.

అంతలో కమిటీ ఇంటింటికీ ఓ కాగితం పంచింది. రోడ్డుకీ, కాంట్రాక్టరు కట్టబోయే దుకాణాల మేడకీ స్థలం కావాలి. వీధిలో ముందు వరస పోవాలో వెనక వరస పోవాలో మీరే తేల్చుకోండి. పక్కవాళ్లు హద్దు దాటి కట్టి ఉంటే అభ్యంతరం రాసివ్వండి.

ఇంకో వీధివాళ్లయితే "వాడు ముందుకొచ్చి కట్టాడు" అని ఒక ముక్క రాసి ఊరుకునేవాళ్లు. వీళ్లు వడ్రంగులాయె! ఉజ్జాయింపు మాట వీళ్లకు గిట్టదు. ఒక్కొక్కడూ టేపు పట్టుకెళ్లి, పక్కవాడి గోడా మెట్టూ చూరూ అంగుళం తేడా లేకుండా కొలిచి, బొమ్మ గీసి మరీ ఇచ్చాడు. చిన్నకోడలు మీటింగుకెళ్లిన సమయం చూసి పాలిష్ అక్క ఆమె ఇల్లంతా కొలిచింది. కిటికీ చూరు మూడంగుళాలు బయటికుందని ఎర్రపెన్సిలుతో గీత కూడా కొట్టింది. ఆ పూట అన్నం ఎంత రుచిగా ఉందో ఆమెకే తెలుసు.

ఎనభై మూడు ఇళ్లు, ఎనభై మూడు కాగితాలు. పక్కపక్కన పరిస్తే వీధి మొత్తం హద్దు దాటిందని తేలింది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చింది. కాంట్రాక్టరు ఒక వరస అడిగితే రెండు వరసలూ దక్కాయి.

తాత వరండా కూలిన ఆ మధ్యాహ్నమే అందరూ కలప అడితిలో పోగయ్యారు.

"ముందు వరసోళ్లే రాశారు!"

"మీ వెనకోళ్లు రాయలేదా? అవన్నీ దొంగ కొలతలు!"

"ఏమన్నావ్? నా కొలత తప్పంటే పళ్లు రాలగొడతా!" అని రంపం మామ మీదికొచ్చాడు. రాసినందుకు కాదు, తప్పు రాశాడన్నందుకు ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది.

పాలిష్ అక్క లేచి నిలబడింది. "ఎనిమిదో నంబరు నేనే కొలిచాను."

"ఎందుకక్కా?" అంది చిన్నకోడలు.

"కుళ్లుతోనే. నీకు కుర్చీ ఇచ్చారని. ఇల్లు పోతే మళ్లీ నా పంచకే వస్తావని."

చిన్నకోడలు తల వంచుకుంది. "నీ ఇల్లున్న వెనక వరస తీసెయ్యమన్న తీర్మానం మీద మొదటి సంతకం నాదే అక్కా. మెంబర్నయ్యానన్న మాటేగానీ, ఏం మాట్లాడినా 'పెద్దామెని అడిగావా' అంటారు. నువ్వు ఎదురుగా లేకపోతే బాగుండుననిపించింది."

జుట్టూ జుట్టూ పట్టుకుంటారేమోనని వీధంతా చూసింది. వాళ్లకు ఆ ఓపిక లేదు. ఇద్దరికీ ఒకేసారి ఏడుపొచ్చింది.

ఉలి తాత గొంతు సవరించుకున్నాడు. "ఎవరి కొంప ముందు కూల్చాలో చెప్పే అధికారం మనకిచ్చారు. కూల్చొద్దని చెప్పేది మాత్రం వాళ్ల దగ్గరే దాచుకున్నారు. మనం టేపులు పట్టుకుని ఎగబడ్డాం."

"దాచుకున్నది అడుగుదాం," అంది పాలిష్ అక్క. "కమిటీ మనదన్నారుగా. అందరం వెళ్దాం."

మర్నాడు పొద్దున్నే ఎనభై మూడు ఇళ్లవాళ్లూ వార్డాఫీసు మీదికి కదిలారు. కమిటీ ఛైర్మన్ గుమ్మంలోనే ఆపాడు. "మెంబరు ఒక్కరే లోపలికి!" అని చిన్నకోడలిని రానిచ్చి, తలుపులు మూసి గడియ వేయించాడు.

వడ్రంగుల మొహం మీద తలుపు వేశాడు! బందులు బయటివైపే ఉన్నాయి. పాలిష్ అక్క రంపం మామకేసి చూసి, "ఊడదియ్ మామా," అంది. నాలుగు నిమిషాల్లో రెండు రెక్కలూ గీత పడకుండా గోడకు ఆనుకున్నాయి. జనం లోపలికి నిండిపోయారు.

చిన్నకోడలు కుర్చీలోంచి లేచింది. "మా అభ్యంతరాలన్నీ వెనక్కి తీసుకుంటున్నాం. ఒక్క ఇల్లూ కూలదు. తాత వరండా మళ్లీ కట్టాలి. తీర్మానం రాయండి."

"అది కమిటీ పరిధిలో లేదమ్మా," అన్నాడు ఆఫీసరు.

"కూల్చడం పరిధిలో ఉందిగా? ఆపడమూ ఉంది. రాయండి!"

కుట్టుపనివాళ్ల వీధి మెంబరు చెయ్యెత్తాడు. తర్వాతి వంతు తన వీధిదని అతనికి తెలుసు. వెనకాలే మరో ఐదు చేతులు లేచాయి. తీర్మానం గెలిచింది. ఫైలు చేతికందగానే ఎవరి కాగితం వాళ్లు వెతుక్కుని చింపేశారు. పాలిష్ అక్క తనదాన్ని పొడి పొడి చేసింది.

అప్పుడొచ్చింది ఛైర్మన్ పిలిపించిన పోలీసు వ్యాను.

"మెంబరెవరు? పద," అని ఇన్‌స్పెక్టరు చిన్నకోడలిని వ్యానెక్కించాడు. పాలిష్ అక్కకు మళ్లీ కడుపు మండింది. ఇక్కడ కూడా అదే ముందా!

"ఇదిగో సారూ, తలుపులు ఊడదియ్యమంది నేను. అది నాలుగు మాటలంది, అంతే. నన్నెక్కించు!"

"నీ పేరు లిస్టులో లేదమ్మా."

"లేకపోతే రాసుకో!" అంటూ ఆమె అతన్ని తోసుకుని ఎక్కేసింది. చిన్నకోడలు జరిగి చోటిచ్చింది.

"బందులు విప్పింది నేనైతే మధ్యలో వీళ్లెవరు?" అని రంపం మామ వెనకాలే ఎగబాకాడు. ఆయనొక్కడే ఎందుకెక్కాలని పక్కింటాయన ఎక్కాడు. కూలింది నా వరండా, ముందు నేనెక్కాలని తాత అందరినీ తిట్టిపోశాడు. దిగండి దిగండి అని పోలీసులు అరుస్తున్నా ఒక్కరూ దిగలేదు. చోటు దొరకనివాళ్లు వ్యానులో ఉన్నవాళ్లను చూసి కుళ్లుకుంటూ వీధికి పరిగెత్తి, ఎనిమిదో నంబరు ముందు అప్పటికే వచ్చి ఆగిన యంత్రానికి అడ్డంగా కూర్చున్నారు.