కామెంటు ఎవరి నెత్తిన పడింది

పిల్లల మందు మోతాదు లెక్కగట్టే ఫంక్షను, నేను కోడు రాసిందే, మళ్ళీ నడిపి చూడాలి, వెబ్‌సైట్‌లోంచి దాని వివరాల పేజీ దించేయాలి, మా టీమ్ లీడ్‌కి చెప్పాలి, ఆసుపత్రి ఫార్మసిస్టుకు తిరిగి ఫోన్ చేయాలి, అన్నిటికంటే ముందు మంచినీళ్ళు తాగాలి, ఆవిడ ఎంత నెమ్మదిగా అడిగింది, ఏమ్మా, సిరప్ మోతాదు మాత్రల్లో వస్తుందని రాశావేంటి, నెలల బిడ్డ మాత్రెలా మింగుతాడు, ఆ మాట పెద్దల మోతాదు గురించి నేను రాసిందే, పిల్లల మోతాదు దగ్గరికెలా వచ్చింది, ఎవరైనా నమ్మేశారా, లెక్కే తప్పయితే, ఏ బిడ్డకైనా ఏమైనా అయితే,

ఆగు, నడిపి చూడు, బరువు ఇచ్చాను, మిల్లీలీటర్లు వచ్చాయి, మళ్ళీ అదే బరువు, అదే జవాబు, ఈ రకం ఫంక్షన్లకు పూటకో మాట ఉండదని చేరిన రోజే లీడ్ చెప్పాడు, జవాబు ఏ రకమో చెప్పే పైన టైపు వరుసలోనూ మిల్లీలీటర్లనే ఉంది, అక్కడ మాత్రలు పెడితే కోడును సరిచూసే కంపైలరు గడప దాటనివ్వదు, కోడు మధ్య మనుషుల కోసం నేను రాసే వివరణను, అదే కామెంటును, మాత్రం అది చదవనే చదవదు, ఇదిగో, దొరికింది, నిలువు గీతతో మొదలుపెట్టిన కామెంటు తన కిందున్న ఫంక్షనుకు చెందుతుంది, నేనేమో ఫొటో కింద పేరు రాసినట్టు ప్రతి ఫంక్షను కిందా రాసుకుంటూ పోయాను, పేజీలు తయారుచేసే ప్రోగ్రాము గీత మాట విని పెద్దల సంగతి పిల్లల నెత్తిన పెట్టింది,

లెక్క సరిగ్గానే ఉంది, ఊపిరి ఆడింది, లీడ్ కుర్చీ తిప్పుకుని చూసి, ఆసుపత్రి వాళ్ళింకా వాడటం మొదలే పెట్టలేదు తల్లీ, కామెంట్లన్నీ పైకెక్కించు, పేజీ మళ్ళీ తయారుచెయ్యి, ఈలోపు ఆ ముఖం కడుక్కో, కంపైలరు కూడా జడుసుకునేలా ఉన్నావు అన్నాడు, నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఫోన్ చేస్తే ఫార్మసిస్టు, పోన్లేమ్మా, కొత్తది పంపు, మళ్ళీ మొదట్నుంచి చదువుతా, చదవకుండా నేను సీసా మూత కూడా తియ్యను అంది,

మొన్న అమ్మ ఇస్త్రీ చేస్తూ, కంప్యూటరు చదవదంటావు, మరెవరి కోసమే రాస్తున్నావు అని అడిగింది, మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే, అయినా మాట మార్చి ఇస్త్రీ అయిన బట్టలు మడతపెట్టాను, ఇప్పుడు చెప్పగలను, అమ్మా, చదివే మనిషి ఉంది, ఇక ఇది చదువుతున్న మీరు, ఆ పేజీ ఎప్పుడైనా మీ కంటపడి, ఏ మాట ఏ ఫంక్షనుదో తడుముకోకుండా తెలిస్తే, రాసిన నన్ను కాదు, చివరిదాకా చదివి ఫోన్ చేసిన ఆవిడను ఒక్కసారి తలచుకోండి.